చూడటానికి వెళ్ళినవాళ్ళకే ధైర్యం వచ్చింది

మా ఒంగోలు వైపు ఉజ్జీవ సభల్లో మైకు పట్టుకున్న ప్రతి ప్రసంగీకుడూ ఎక్కడో ఒకచోట అనే మాట ఒకటుంది: "శ్రమలొస్తే సంఘం బలపడుతుంది." జనం ఆమెన్ అంటారు. నాకు మాత్రం అనబుద్ధి కాదు. నేను చూసినంతలో శ్రమ వస్తే ముందుగా జరిగేది నోళ్ళు మూతపడటం. పక్క మండలంలో ఎవరో పాస్టరు గారి మీద చెయ్యి చేసుకున్నారని వాట్సాప్‌లో వీడియో వచ్చిందంటే, ఆ వారం మా దగ్గర గృహ కూడికలు వాయిదా పడతాయి. "ఎందుకొచ్చిన గొడవ, కాస్త సద్దుమణిగాక పెట్టుకుందాంలే" అంటారు. అమ్మాయి పెళ్ళి శుభలేఖ మీద బైబిలు వాక్యం వేయించాలా, ఉత్త పేర్లతో సరిపెట్టాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ వీడియో చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. టెన్షన్ తెచ్చుకున్నవాళ్ళు బోలెడుమంది.

అలాగని ఒకరి కష్టం చూసి ఇంకొకరికి ధైర్యం రావడం అబద్ధమనీ అనలేను. వస్తుంది, నేను చూశాను. అయితే కష్టం దానంతటదే ధైర్యం పంచిపెట్టదు. కష్టంలో ఉన్న మనిషి దగ్గరికి ఎవరైనా వెళ్ళాలి, పక్కన కూర్చోవాలి, ఆ మనిషి ఇంకా నవ్వుతోందనీ, ఇంకా నలుగురి బాగోగులు అడుగుతోందనీ కళ్ళారా చూడాలి. అప్పుడు వెళ్ళినవాళ్ళ భయం కొంచెం కొంచెంగా వదులుతుంది. వెళ్ళనివాళ్ళ భయం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ విషయంలో అందరూ ఎత్తి చూపేది బైబిల్లో ఫిలిప్పీయుల పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు ఖైదులోంచి ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన ఉత్తరం, మొదటి అధ్యాయం. నాకు సంభవించినవన్నీ సువార్త ప్రబలడానికే పనికొచ్చాయని పౌలు అంటాడు, తన బంధకాల (సంకెళ్ళ) మూలంగా సహోదరుల్లో ఎక్కువమంది నిర్భయంగా వాక్యం చెప్పే ధైర్యం తెచ్చుకున్నారంటాడు. మనవాళ్ళు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. ఆ ధైర్యం తెచ్చుకున్నది ఎవరు? ఫిలిప్పీవాళ్ళు కారు. పౌలు ఖైదులో ఉన్న ఊళ్ళోవాళ్ళు. ఆ ఊరు రోము అని పూర్వం నుంచీ వస్తున్న అభిప్రాయం, ఎఫెసు అనీ కైసరయ అనీ వాదించే పండితులూ ఉన్నారు. రోమే అనుకుంటే, అక్కడ పౌలు పరిస్థితి ఏమిటో అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయంలో ఉంది. అద్దె ఇల్లు, కాపలాకి ఒక సైనికుడు, రెండేళ్ళపాటు వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. వచ్చినవాళ్ళందరినీ ఆయన ఆదరించాడట. అంటే గొలుసు చూసినవాళ్ళు మనిషిని కూడా చూశారు. వంతులవారీగా కాపలా కాసే సైనికులకైతే చూడక తప్పదు. ప్రేతోర్యమంతటా, అంటే ఆ కాపలా సైన్యమంతటా, ఆయన సంగతి తెలిసిపోయిందంటే అందుకే మరి.

దూరాన ఉన్న ఫిలిప్పీవాళ్ళకి ఆయన రాసింది ఇంకో రకంగా ఉంటుంది. ఎదిరించేవాళ్ళకి బెదరకండి అని వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. ఆ సంఘానికి పౌలు కష్టం కొత్తా ఏం కాదు. బెత్తాలతో కొట్టించి, కాళ్ళకి బొండ వేసి, లోపలి చెరసాలలో పడేసింది వాళ్ళ ఊళ్ళోనే. అర్ధరాత్రి ఆయనా సీలా పాటలు పాడిందీ, చెరసాల నాయకుడు ఆ రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం తీసుకుందీ అక్కడే. అంత చూసిన సంఘానికి కూడా మళ్ళీ భయం వేసింది. మనుషులం కదా. అయితే వాళ్ళు చేసిన పని ఒకటుంది: ఎపఫ్రొదితు అనే తమవాడి చేతికి సహాయం ఇచ్చి పౌలు దగ్గరికి పంపారు. అతను దారిలోనో అక్కడికి చేరాకో జబ్బుపడి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఈ ఎపఫ్రొదితు మీద ప్రసంగం వినాలని నాకు చాలాకాలంగా కోరిక. పౌలు ధైర్యం మీద ఏడాదికి పది ప్రసంగాలు వింటాం, ఆయన్ని చూడటానికి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడి మీద మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఇంకో సంగతి. ధైర్యం తెచ్చుకున్నది "ఎక్కువమంది" అన్నాడు పౌలు, అందరూ అనలేదు. ఆ ఎక్కువమందిలోనూ కొందరు అసూయతో, ఈయన లోపలుండగా మన పేరు నిలబెట్టుకుందామని బోధిస్తున్నారని దాచకుండా రాశాడు. ఒక పాస్టరు గారి మీద కేసు పడితే పక్క సంఘంవాళ్ళు ఆయన విశ్వాసుల్ని లాక్కోవడం మా జిల్లాలో చూసినవాళ్ళకి ఆ మాట చదివితే నవ్వొస్తుంది. పౌలుకి కూడా వచ్చే ఉంటుంది. ఏ విధంగానైనా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు కాబట్టి సంతోషమేనన్నాడు. నాకైతే అంత పెద్ద మనసు లేదు.

ఇక నేను చూసిన సంగతి. టంగుటూరు వైపు ఒక ఊళ్ళో ఒకావిడ ఉంది, అక్కా అని పిలుస్తాను. ఎస్సీ పల్లె మనిషి కాదు, ఊరి నడిమధ్య, అందరూ చుట్టాలైన వీధిలో పుట్టి పెరిగింది. మెయిన్ రోడ్డు మీద చిన్న గది అద్దెకు తీసుకుని టిఫిన్లు అమ్మేది. బాప్తిస్మం తీసుకున్నాక కొంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం పొద్దున కొట్టు మూసి చర్చికి వెళ్ళడం మొదలెట్టేసరికి పట్టించుకున్నారు. ఆదివారం మంచి బేరం రోజు, కనపడకుండా ఉండదు కదా. తోడికోడళ్ళు మాటలు ఆపేశారు. ఒక పెళ్ళికి పిలుపు రాలేదు. ఆ తర్వాత గది ఓనరు వచ్చి, "నాకైతే ఏమీ లేదమ్మా, మావాళ్ళు ఒప్పుకోవట్లా, నెలాఖరుకి ఖాళీ చెయ్యి" అన్నాడు. అడ్వాన్సులో కొంత గోడలకి మసి పట్టిందని పట్టుకున్నాడు.

ఆవిడ తోపుడు బండి కొని పొగాకు వేలం కేంద్రానికి పోయే దారిలో పెట్టింది. వేలం సీజన్లో అక్కడ తెల్లవారకముందే జనం ఉంటారు. బేళ్ళు తెచ్చిన రైతులు, ట్రాక్టర్ల డ్రైవర్లు, హమాలీలు. బండి మీద చిన్న గ్యాస్ స్టవ్వు, దాని చుట్టూ గాలికి అడ్డంగా రేకు ముక్క, పైన నీలం పట్టా. బల్బుకి కరెంటు ఇచ్చింది ఎవరనుకున్నారు? రాములవారి గుడి ముందు కొబ్బరికాయలమ్మే పెద్దాయన. తన కొట్టులోంచి వైరు లాగి ఇచ్చాడు. నెలకి ఇంత అని అడగలేదు, పొద్దున్నే రెండు ఇడ్లీలు చాలన్నాడట. ఇది రాయకపోతే ఈ కథ మా సభల్లో చెప్పే కథల్లో ఒకటైపోతుంది, ఊరంతా దుర్మార్గులు, మనం ఒక్కళ్ళమే గొర్రెపిల్లలం అన్నట్టు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక రైతు అడిగాడు, "ఏమ్మా, కొట్టు ఉండేది గదా, ఇట్టా రోడ్డున పడ్డావేంది?" అని. ఆవిడ అట్లకాడతో దోశ అంచు లేపుతూ చెప్పింది: "చర్చికి పోతున్నానని ఖాళీ చేయించారన్నా. కారం దోశా, ఉల్లి దోశా?" అంతే. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. ఆయన కారం దోశ అన్నాడు. తింటూ తింటూ, "అయితే మాత్రం కొట్టు ఖాళీ చేయించేదేంది" అని తనలో తాను గొణుక్కున్నాడు. ఇంకొకతను "నీకెందుకమ్మా ఇదంతా, మన దేవుళ్ళు లేరా" అని వాదనకి దిగితే, "నాకు శాంతి దొరికిందన్నా, నేనెవర్నీ రమ్మన్లా, అడిగావు గాబట్టి చెప్పా" అంది. ఓనరు పేరు ఎవరెంత గుచ్చి అడిగినా చెప్పేది కాదు. "ఆయనకీ చుట్టాలున్నారు, ఆయనకీ ఇబ్బందే" అనేది.

మా సంఘం స్త్రీల సమాజంవాళ్ళు ఆవిడ గురించి విన్నప్పుడు అందరిలాగే అయ్యో అన్నారు, ఉపవాస ప్రార్థనలో పేరు చేర్చారు. కొందరు అంతటితో ఆగకుండా శనివారాలు బండి దగ్గరికి వెళ్ళి పచ్చడి రుబ్బడంలో, గిన్నెలు తోమడంలో చెయ్యేసేవాళ్ళు. ఆ కొందరిలోనే మార్పు చూశాను. మా చర్చిలో లెక్కల మాస్టారొకాయన ఉన్నారు, భార్యని దించడానికి వెళ్ళి దోశ తిని వచ్చేవారు. ఏళ్ళ తరబడి స్టాఫ్‌రూంలో "ఆదివారం ఏంటి ప్రోగ్రాం" అంటే "చుట్టాలింటికి" అని తప్పించుకునే మనిషి. ఒకరోజు "చర్చికి వెళ్తానండి, ప్రతి ఆదివారం" అనేశారట. ఏమవుతుందో అని చెమటలు పట్టాయని నాతో చెప్పారు. ఏమీ కాలేదు. "అయితే క్రిస్మస్‌కి కేకు మీదేనన్నమాట" అన్నారట తోటి మాస్టార్లు. వినాయక చవితి చందా ఎప్పట్లాగే ఇచ్చారు. ఇస్తూ, "పూజకి మాత్రం రానండి, అన్నదానానికి వడ్డించమంటే వడ్డిస్తాను" అన్నారు. నా దృష్టిలో బాహాటంగా చెప్పడం అంటే అదే, అందులో మైకు లేదు, పక్కవాడి దేవుణ్ణి ఒక్క మాట అనడమూ లేదు.

అదే ఊళ్ళో ఇంకో విశ్వాసి కుటుంబం కూడా ఉంది. అక్కకి జరిగింది చూసి వాళ్ళు ఊళ్ళో కూడికకి రావడం మానేసి, ఆదివారం ఎవరికీ తెలియకుండా బస్సెక్కి ఒంగోలు పోతున్నారు. ఒకే కష్టం, ఒకే వీధి. వాళ్ళని తప్పుపట్టేవాళ్ళు మా సంఘంలో ఉన్నారు, నేను పట్టను. ఎందుకంటే వాళ్ళని చూడటానికి కూడా ఎవరూ వెళ్ళలేదు.

తప్పుపట్టకపోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. మన జిల్లాల్లో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్ళు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్నవాళ్ళు షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకి తెరవలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలనీ వాళ్ళ పిల్లలనీ బీసీ-సి కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పల్లె అదే, కుళాయి దగ్గర జరిగే అవమానం అదే, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. దాంతో ఉద్యోగం, సీటు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ, అన్నీ చేజారిపోతాయి. ఇలాంటిచోట పిల్లవాడికి బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉందంటే దాన్ని పిరికితనం అనేయడం ఎంత సులువో! రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛ వాడుకుంటే ఒకరికి పోయేది ఏమీ ఉండదు, ఇంకొకరికి పిల్లల చదువు పోతుంది. పెన్షన్ వచ్చే నాలాంటివాడు లేచి "ధైర్యంగా ఒప్పుకోండి" అని ఉపన్యాసం ఇస్తే ఎవరు వింటారు? వినకూడదు కూడా.

పాతకాలంలో కూడా ఇదంతా ఇలాగే జరిగిందని మన జిల్లా చరిత్రే చెబుతుంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైతే చాలా ఏళ్ళు ఫలితం చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. మూసేద్దామా అని అమెరికాలో పదేపదే చర్చలు పెట్టారు. 1867 జనవరిలో ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. దానికి ముందు ఏడాది, కనిగిరి వైపు తల్లకొండపాడుకి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనా భార్య నాగమ్మా ఊరూరా చెప్పారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర తల్లకొండపాడు చింతతోపులో డేరా వేసిన నాటికే జనం సిద్ధంగా ఉన్నారు, 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఆదివారం పని చెయ్యం, చచ్చిన పశువు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు ఊరి పెద్దలకి కోపం వచ్చింది. పనులు ఆపారు, చాకలినీ కుమ్మరినీ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళనివ్వలేదు, కొట్టారు కూడా. అయినా చుట్టుపక్కల పల్లెల్లో సంఖ్య పెరుగుతూనే పోయింది. ఎలా? పేరయ్యలాంటివాళ్ళు కాలినడకన ఆ పల్లెలకి వెళ్ళి, దెబ్బలు తిన్నవాళ్ళ గుడిసెల్లో పడుకుని, వాళ్ళతో కలిసి సంగటి తిని వచ్చేవాళ్ళు. ఈ పల్లెలో జరిగింది ఆ పల్లెకి చుట్టరికాల మీద చేరేది. వార్తతోపాటు మనిషి వచ్చేవాడు.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, ఆకలితో వచ్చినవాళ్ళ పక్కన నిలబడి పని చేయించారు. సాయంత్రాలు వాళ్ళ మధ్యే కూర్చున్నారు. తిండి కోసం మతం మారారన్న మాట వస్తుందని, కరువు సాయం నడిచినన్నాళ్ళు క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, జులై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మా సభల్లో ఎప్పుడూ మోగుతుంటుంది. కాలువ గట్టు మీద పక్కపక్కన కూర్చున్న సాయంత్రాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

క్రైస్తవ చరిత్ర బయటినుంచీ ఒక ఉదాహరణ చెప్పొచ్చు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. అది కులం పేరు మీద జరిగిన దారుణం, దాన్ని విశ్వాసం కోసం పడ్డ శ్రమ అని రాయడం చనిపోయినవాళ్ళకి అన్యాయం. నేను చెప్పేది తర్వాత జరిగిన దాని గురించి. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి శిబిరంలో ఉంటే, నలుమూలల నుంచీ జనం చూడటానికి వచ్చారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. పేపర్లో చదివి ఊరుకుంటే పుట్టేది కాదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ మాట ఎత్తుతారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహరపూర్‌లో ఆయన్నీ ఇద్దరు పిల్లల్నీ జీపులో తగలబెట్టారు. ఒంగోలు నుంచి ఎవరం వెళ్ళి చూడలేదు, అయినా ఆ కబురు మమ్మల్ని కదిలించింది కదా అంటారు. నిజమే. కానీ కదిలించింది మంటలు కావు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పి, వెంటనే దేశం విడిచి పోకుండా బారిపదలో కుష్ఠు రోగుల మధ్యే మరికొన్నేళ్ళు ఉండిపోయింది. కబురులో ఆమె లేకపోతే మాకు భయం తప్ప ఏం మిగిలేది?

ఇంకొక చేదు మాట కూడా రాయాలి. మనవాళ్ళు కొందరు గుడి ముందు నిలబడి ఎదుటివాళ్ళ దేవుళ్ళని రాళ్ళూ రప్పలూ అని తిట్టి, ఎవరైనా తిరగబడితే ఫోన్లో తీసి "హింస" అని పెడతారు. పేతురు తన మొదటి పత్రికలో దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో బాధ పడొద్దన్నాడు. దొంగనీ, పరుల జోలికి పోయేవాణ్ణీ ఒకే వరసలో పెట్టాడు, గమనించండి. అలాంటి గొడవలవల్ల ఎవరికీ ధైర్యం రాదు సరికదా, నిజంగా కష్టపడేవాళ్ళ మాట కూడా ఎవరూ నమ్మకుండా పోతారు. ఆ వీడియోల తర్వాత గది ఖాళీ చేయమనడం ఇంకా తేలికవుతుంది.

కష్టంలో ఉన్నవాళ్ళని స్టేజీ ఎక్కించడం ఇంకో జబ్బు. అక్క సంగతి తెలిసి ఒక సభ నిర్వాహకులు వచ్చి, సాక్ష్యం చెప్పు, కారు పంపిస్తాం, ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తాం అన్నారు. ఆవిడ, "రాత్రి పిండి రుబ్బుకోవాలి బ్రదర్, కావాలంటే మీరే పొద్దున్నే బండి దగ్గరికి రండి" అంది. వాళ్ళు రాలేదు.

మా సంఘంలో ఏటా ఉజ్జీవ సభలకి షామియానా, సౌండు, బయటి ప్రసంగీకుడి ఖర్చులు కలిపి పెద్ద మొత్తమే అవుతుంది. ఈసారి ఒక రాత్రి సభ తగ్గించి ఆ డబ్బుతో అక్కకి మెయిన్ రోడ్డు మీద వేరే గదికి అడ్వాన్సు కడదామని స్త్రీల సమాజం కమిటీకి కాగితం పెట్టింది. పెద్దలు ఇద్దరు ఒప్పుకున్నారు. కోశాధికారి మాత్రం, "సువార్తకిచ్చిన కానుకని దోశల కొట్టుకి ఎట్టా ఖర్చు పెడతాం" అని పట్టుబట్టాడు. ఫిలిప్పీవాళ్ళు ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపిన డబ్బు ఏ పద్దు కింద రాశారో వచ్చే కమిటీలో ఆయన్ని అడుగుదామనుకుంటున్నాను. లెక్కల మాస్టారు కూడా వస్తానన్నారు.